హర్లింగ్ ఆటకు ప్రాణము పోసిన బడిపంతులు: మైకేల్ క్యూసాక్

ఐర్లండు దేశములో శరదృతువు ప్రవేశించినదనగా పల్లెలకు ఒక క్రొత్త కళ వచ్చును. ఇండ్ల కిటికీలకును, దారిప్రక్క స్తంభములకును ఊరి జట్టు రంగుల జెండాలు వ్రేలాడును. చర్చి ముంగిట, అంగళ్ళ కడ, పాఠశాల ఆవరణములో ఒకే ప్రశ్న వినవచ్చును: ఈ యేడు జిల్లా కప్పు ఏ ఊరిది? ఆ ద్వీపము ముప్పదిరెండు కౌంటీలుగా, అనగా జిల్లాలుగా, విభక్తమై యున్నది. హర్లింగ్ అను కఱ్ఱబంతి ఆటకు పేరుగన్న జిల్లాలలో ఊరూరి సంఘములును ఏటేట తమలో తాము పోటీపడి, జిల్లా విజేతను నిర్ణయించుకొనును. ఆ ఆటగాండ్రు జీతమునకు ఆడువారు కారు. వారమంతయు పొలములోనో, బడిలోనో, కచేరిలోనో పనిచేసి, సెలవునాడు తమ ఊరి పేరు నిలుపుటకై మైదానములో దిగువారు. తండ్రి ధరించిన రంగులనే కుమారుడు ధరించును. తాత ఓడిపోయిన పోటీని గూర్చి మనుమడు నేటికిని చెప్పుకొనును.

ఈ ఏర్పాటు అనాదిగా వచ్చినది కాదు. నూటనలుబది సంవత్సరములకు కొంచెము పూర్వము ఆ ఆట చాలచోట్ల అడుగంటిపోవుచుండెను. దానిని నిలువబెట్టుటకు నడుము కట్టినవాడు ప్రభువు కాడు, ధనికుడు కాడు. ఒక పసులకాపరి కుమారుడు, బడిపంతులు. అతని పేరు మైకేల్ క్యూసాక్. తాను స్థాపించిన సంఘమునుండి రెండేండ్లైనను నిండకముందే వెలివేయబడిన దురదృష్టవంతుడును అతడే. ఉపాధ్యాయులును, విద్యార్థులును అతని చరిత్రను తెలిసికొనుట ఉచితము.

ముందుగా ఆ ఆటను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. హర్లింగ్ ఆటలో ప్రతి ఆటగాని చేతిలోను యాష్ అను వృక్షముయొక్క మొదలినుండి చెక్కిన కఱ్ఱ యుండును. దాని కొన వంకరయై, పలకవలె వెడల్పుగా నుండును. ఐరిష్ భాషలో దీనిని కమాన్ అందురు. ధ్వనిలో మన కమాను పదమును తలపించినను, ఆ భాషలో కమ్ అనగా వంకర. ఆ మాటనుండి ఈ పేరు పుట్టినది. బెండు గుండెకు తోలు తొడిగిన చిన్న బంతిని ఈ కఱ్ఱతో నేలమీదను, గాలిలోను కొట్టవచ్చును. కఱ్ఱ కొనమీద నిలుపుకొని పరుగెత్తవచ్చును. బాగుగా తగిలిన బంతి గంటకు నూరు కిలోమీటర్లకు మించిన వేగముతో పోవును. మైదానముయొక్క రెండు కొనలందును రెండేసి నిలువు స్తంభములు, వాని నడుమ ఒక అడ్డుదూలము ఉండును. దూలము క్రిందుగా బంతిని పంపిన గోలు. పైనుండి పంపిన పాయింటు. నేటి లెక్క ప్రకారము ఒక గోలు మూడు పాయింట్లకు సమానము.

ఐర్లండువారి ప్రాచీన వీరగాథలలో కూహులిన్ అను బాలవీరుడు ఈ కఱ్ఱను, బంతిని చేతబూని ప్రఖ్యాతుడైనట్లు చెప్పబడినది. 1366లో కిల్కెన్నీ నగరమున చేయబడిన శాసనములు అచ్చటి ఆంగ్లేయులు ఈ ఆటను ఆడరాదని నిషేధించినవి. 1527లో గాల్వే పట్టణమువారును అట్టి నిషేధమునే విధించిరి. పదునెనిమిదవ శతాబ్దిలో కొందఱు భూస్వాములు తామే జట్లను పోషించి, పందెములు కట్టి ఆడించిరి. తరువాత వారి పోషణ తొలగిపోయెను. ఆట పల్లెజనుల చేతిలో మిగిలెను. పిదప ఆ పల్లెలకే ప్రళయము వంటి ఆపద వచ్చిపడెను.

ఆ ఆపద మహాక్షామము. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకెను. పేదలకు ఆ దుంప తప్ప వేఱు ఆహారము లేదు. ఏడు సంవత్సరములలో దాదాపు పదిలక్షల మంది ఆకలిచేతను, జ్వరములచేతను మరణించిరి. మఱియొక పదిలక్షల మంది ఓడలెక్కి దేశము విడిచిరి. ఆ క్షామములో మిక్కిలి ఘోరమైన 1847వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన, క్లేర్ జిల్లాలో బరెన్ అను రాతిసీమ అంచున కారన్ అను గ్రామమునందు మైకేల్ క్యూసాక్ జన్మించెను. తండ్రి మాథ్యూ పశువులను, గొఱ్ఱెలను కాచి జీవించువాడు. తల్లి పేరు బ్రిజెట్. బరెన్ ప్రాంతమంతయు సున్నపురాతి పలకలు పఱచిన మెట్టభూమి. రాళ్ళ సందులలో మొలచిన గడ్డియే అచ్చటి పశువులకు ఆధారము. ఇంటిలోను, వీథిలోను వినబడునది ఐరిష్ భాష. బాలునికి ఆంగ్లము తరువాత అబ్బిన భాష మాత్రమే.

1831లో ప్రభుత్వము ఐర్లండు అంతట జాతీయ పాఠశాలలను నెలకొల్పెను. పేరు జాతీయమేగాని వానిలో జాతిభాషకు చోటు లేదు. బోధన అంతయు ఆంగ్లముననే. క్యూసాక్ ఆ బడిలో చదివి, చిన్నవయస్సుననే క్రింది తరగతుల పిల్లలకు పాఠములు చెప్పు మానిటరుగా నియమింపబడెను. పిదప ఎనిస్కార్తి పట్టణములోని మాదిరి పాఠశాలలో ఉపాధ్యాయ శిక్షణమునొంది, గాల్వే జిల్లాలో గార్ట్ సమీపముననున్న లాక్ కట్రా బడిలో ప్రధానోపాధ్యాయుడయ్యెను. అక్కడినుండి న్యూరీ పట్టణములోని సెయింట్ కాల్మన్స్ కళాశాలలోను, డబ్లిన్ చెంతనున్న బ్లాక్‌రాక్ కళాశాలలోను, కిల్డేర్ జిల్లాలోని క్లాంగోస్ వుడ్ కళాశాలలోను బోధించెను. పసులకాపరి గుడిసెనుండి వచ్చినవాడు సంపన్నుల బిడ్డలు చదువు విద్యాలయములలో ఆచార్యుడగుట ఆ కాలమున సామాన్య విషయము కాదు. 1876లో ఆయన మార్గరెట్ వుడ్స్ అను యువతిని వివాహమాడెను.

1877లో క్యూసాక్ పరుల కొలువు చాలించి, డబ్లిన్ నగరములో సొంతముగా ఒక విద్యాలయమును తెఱచెను. సర్కారు కొలువులకు, పోలీసు శాఖకు, వైద్య, న్యాయ కళాశాలల ప్రవేశమునకు జరుగు పరీక్షలకు యువకులను సిద్ధపఱచుటయే దాని పని. బ్రిటిషు సామ్రాజ్యముయొక్క కచేరీలన్నిటను గుమాస్తాల అవసరము పెరుగుచుండిన దినములవి. క్యూసాక్ గట్టి బోధకుడు. గణితమునందును, ఆంగ్లమునందును శిష్యులను అరగదీసి నేర్పువాడు. విద్యాలయమునకు త్వరలోనే మంచి పేరు, దానితోపాటు మంచి రాబడి కలిగెను. కాని పగలంతయు దొరల కొలువుకు పనికివచ్చు వారిని తీర్చిదిద్దుచున్న ఆ గురువు మనస్సులో ఒక వెలితి మెల్లమెల్లగా పెరుగుచుండెను. తన శిష్యులు తమ తాతల భాషను మఱచిరి. తమ తాతల ఆటను ఎఱుగరు.

ఆయన స్వయముగా బలిష్ఠుడు. విశాలమైన భుజములు, నిండు గడ్డము, చేతిలో ముండ్లచెట్టు దుడ్డుకఱ్ఱ. ఇది డబ్లిన్ వీథులలో అందఱును ఎఱిగిన ఆకృతి. తన విద్యాలయమునకు రగ్బీ జట్టును కూర్చి తానును అందు ఆడెను. 1881లో పదునారు పౌనుల గుండు విసరుటలో ఐర్లండు విజేతయయ్యెను. ఆయన క్రికెట్టును సయితము బాలురకు తగిన ఆటయని మెచ్చుకొనిన కాలము కలదు. కావున పిదప ఆయన పరదేశపు ఆటలను ఖండించినది తెలియక కాదు, తెలిసియే.

ఆ ఖండనమునకు మూలము ఒక అన్యాయము. నాటి వ్యాయామ క్రీడలు డబ్లిన్ నగర ప్రముఖుల చేతులలో నుండెను. పెద్ద పోటీలు పెద్దమనుష్యులకే పరిమితమై యుండెను. చేతిపనివారును, కూలివారును, పోలీసులును పెద్దమనుష్యులు కారు గనుక వారికి ప్రవేశము లేదు. పేదలకు ఆదివారము తప్ప తీరిక లేదు. పెద్దపోటీలు ఆదివారమునాడు జరుగవు. అనగా పరుగెత్తగలవాడు పరుగెత్తరాదు, దూకగలవాడు దూకరాదు. వీనిని నడుపు నిబంధనలన్నియు ఇంగ్లండులో వ్రాయబడినవి. పల్లెలలో చూడబోయిన, క్షామానంతరము ఊళ్ళకు ఊళ్ళే పాడుపడి, ఆడుకొను యువకులు వలసపోయి, మైదానములు నిశ్శబ్దములై యుండెను. ఒక జాతి ఆడుకొనుట మానివేసినచో దాని ప్రాణశక్తి ఉడిగినట్లేయని క్యూసాక్ తలచెను.

1882లో ఆయన ఐరిష్ భాషోద్ధరణమునకై పాటుపడు గేలిక్ యూనియన్ అను సంఘములో ముఖ్యుడై, ఆ భాషకై వెలువడిన పత్రికకు తోడ్పడెను. ఆ యేడు చివరనే కొందఱు మిత్రులతో డబ్లిన్ హర్లింగ్ సంఘమును స్థాపించెను. నియమముల విషయమై తగవులు వచ్చి అది కొలదినెలలలోనే కూలిపోయెను. క్యూసాక్ నిరాశ చెందలేదు. మఱుసటి యేడు ఫీనిక్స్ పార్కు మైదానములో శనివారపు అభ్యాసములు ప్రారంభించెను. తొలినాడు వచ్చినవారు నలుగురే. వారమువారము సంఖ్య పెరిగెను. దారిని పోవువారు నిలిచి వింతగా చూచిరి. కొందఱు కోటులు విప్పి తామును ఆటలో దిగిరి. 1883 డిసెంబరులో మెట్రోపాలిటన్ హర్లింగ్ సంఘము ఏర్పడెను.

1884 ఈస్టరు సోమవారమునాడు ఈ నగరపు జట్టు గాల్వే జిల్లాలోని బాలినస్లో పట్టణపు సంతబయలున కిల్లిమోర్ గ్రామపు జట్టుతో తలపడెను. కిల్లిమోర్‌వారు తరతరములుగా ఆడుచున్న మేటి ఆటగాండ్రు. కాని వారి నియమములు వేఱు, నగరమువారి నియమములు వేఱు. ఒకరికి న్యాయమైనది మఱియొకరికి దౌర్జన్యముగా తోచెను. ఆట నడుమనే ఆగిపోయెను. ఈ వైఫల్యము క్యూసాక్‌నకు గొప్ప పాఠము నేర్పెను. ఒక్కొక్క సీమలో ఒక్కొక్క తీరున ఆడుచున్నంత కాలము హర్లింగ్ ఊరి ఆటయే కాని దేశపు ఆట కాజాలదు. దేశమంతటికిని ఒకే నియమావళి కావలెను. దానిని అమలుపఱచుటకు ఒక సంఘము కావలెను.

1884 అక్టోబరు 11వ తేదీన రెండు జాతీయ వారపత్రికలలో ఆయన వ్యాసము వెలువడెను. తమ క్రీడలను తామే నడుపుకొనవలెనని ఐరిష్ ప్రజలను ఆ వ్యాసము హెచ్చరించెను. వారము తిరుగునప్పటికి మారిస్ డేవిన్ అను సుప్రసిద్ధ వ్యాయామవీరుడు బదులు వ్రాసి, నియమములు కూర్చుటలో తోడ్పడుదునని మాట ఇచ్చెను. అంతట నవంబరు 1వ తేదీ మధ్యాహ్నము టిప్పరరీ జిల్లా తర్లస్ పట్టణములో హేస్ అను ఆమె హోటలులో సభ పిలువబడెను. దేశమంతట చాటిన ఆ సభకు వచ్చినవారు ఏడుగురని సంప్రదాయముగా చెప్పుదురు. వారిలో ఒకడు పోలీసు శాఖలో అధికారియైన థామస్ సెయింట్ జార్జ్ మెకార్తీ. అతడు క్యూసాక్ విద్యాలయములో చదివిన శిష్యుడే. బిలియర్డు బల్లయున్న గదిలో కూర్చున్న ఆ కొలదిమంది గేలిక్ వ్యాయామ సంఘమును స్థాపించిరి. డేవిన్ అధ్యక్షుడయ్యెను. క్యూసాక్, పత్రికారచయితలైన వైజ్ పవర్, మెకే అనువారు ముగ్గురును కార్యదర్శులైరి. కాషెల్ ఆర్చిబిషప్పైన క్రోక్, రాజకీయ నాయకుడైన పార్నెల్, రైతు ఉద్యమ నాయకుడైన డేవిట్ పోషకులుగా నుండుటకు అంగీకరించిరి. మతాచార్యుడు, శాసనసభా నాయకుడు, రైతునాయకుడు ముగ్గురు ఒకే సంఘమునకు చేయూతనిచ్చుటతో ప్రజలకు నమ్మకము కుదిరెను.

డేవిన్ రచించిన నియమావళి 1885 జనవరిలో ఆమోదింపబడెను. ఒక్కొక్క జట్టునకు ఇరువదియొక్క మంది. ఆటలు ఆదివారమే. ప్రవేశమునకు కులీనత అవసరము లేదు. కూలివానికిని, కమ్మరికిని, రైతుకును సమానమైన హక్కు. ప్రతి పారిష్, అనగా ఒక చర్చికి చేరిన ఊళ్ళ సముదాయము, ఒక్కొక్క సంఘమునకు ఆధారమయ్యెను. క్యూసాక్ ఊరూర తిరిగి, ఉపన్యసించి, పత్రికలలో వ్రాసి, రేలుపగళ్ళు పనిచేసెను. ప్రత్యర్థులు డబ్లిన్‌లో వేఱొక సంఘమును పెట్టిరి. 1885 జూను 17న ట్రలీ పట్టణములో రెండు పక్షములును ఒకేనాడు పోటీలు నడుపగా, ప్రజలు గేలిక్ సంఘము వైపే వేలకొలదిగా పోయిరి. రెండు సంవత్సరములు తిరుగకముందే దేశముయొక్క నాలుగు మూలలందును సంఘములు లేచినవి.

ఇంత చేసినవానికి కలిగిన ఫలమేమి? క్యూసాక్ గుణములలోనే దోషమును ఉండెను. ఆయన నిప్పువంటివాడు, మంట పెట్టుటయే ఎఱుగునుగాని పొయ్యిలో అణచి ఉంచుట ఎఱుగడు. ఉత్తరములకు బదులు వ్రాయకుండుట, జమాఖర్చులను సరిగా నిలుపకుండుట, విమర్శించినవారిపై పరుషముగా విరుచుకొనిపడుట ఆయనకు అలవాటయ్యెను. సంపాదకులతో వైరము తెచ్చుకొనెను. తుదకు పోషకుడైన ఆర్చిబిషప్ క్రోక్ మనస్సునుకూడ నొప్పించెను. 1886 జూలై 4వ తేదీన, సంఘము పుట్టిన ఆ తర్లస్ పట్టణములోనే జరిగిన సభలో ఆయన కార్యదర్శి పదవినుండి తొలగింపబడెను. సంఘము స్థాపించి అప్పటికి ఇరువది మాసములు. ఆ సభవారు కేవలము కృతఘ్నులని చెప్పుట న్యాయము కాదు. లెక్కలు లేని సంఘము నిలువజాలదు. కాని ఆయన లేనిదే లెక్క చూచుటకు సంఘమే యుండెడిది కాదు.

పదవి పోయినను ఆయన ఊరకుండలేదు. 1887 జనవరిలో సెల్టిక్ టైమ్స్ అను వారపత్రికను స్థాపించి, ఆటలను గూర్చియు, భాషను గూర్చియు, కార్మికుల కష్టములను గూర్చియు ఒక సంవత్సరము నడిపెను. ఆ సంవత్సరముననే సంఘము తన చరిత్రలో ముఖ్యమైన కార్యమును చేపట్టెను. ప్రతి జిల్లాలోను సంఘములు పోటీపడవలెను. జిల్లాలో గెలిచిన ఊరిజట్టే ఆ జిల్లా పేరిట దేశపోటీకి పోవలెను. ఇదియే నేటి జిల్లా సంఘముల పోటీలకు పునాది. ఒక జిల్లా జట్టు అనగా నలుమూలలనుండి ఏఱిన వీరుల గుంపు కాదు. ఒక ఊరి అన్నదమ్ములు, ఇరుగుపొరుగువారు.

ఆ తొలి పోటీయే ఆ కాలపు అవ్యవస్థకు, ఉత్సాహమునకు కూడ సాక్షి. పండ్రెండు జిల్లాలు పేరిచ్చినను హర్లింగ్‌లో నిజముగా ఆడినవి క్లేర్, గాల్వే, కిల్కెన్నీ, టిప్పరరీ, వెక్స్‌ఫర్డ్ అను ఐదు జిల్లాలు మాత్రమే. 1887వ సంవత్సరపు తుదిపోటీ 1888 ఏప్రిల్ 1వ తేదీనగాని జరుగలేదు. బర్ పట్టణములో ఒక పొలమే మైదానము. టిప్పరరీ జిల్లా విజేతయైన తర్లస్ జట్టును, గాల్వే జిల్లా విజేతయైన మీలిక్ జట్టును తలపడినవి. దారిఖర్చుల తగవుచేత తర్లస్ ఆటగాండ్రు కొందఱు రాకుండుటవలన జిమ్ స్టేపిల్టన్ నాయకత్వము వహించెను. మీలిక్‌వారు ఒక్క గోలైనను చేయలేకపోయిరి. తర్లస్ గెలిచెను. సంఘము పుట్టిన ఊరే మొదటి విజేతయగుట చరిత్రలో ఒక చిత్రమైన పొందిక. ఆ సంఘమును పుట్టించినవాడు మాత్రము అప్పటికి సంఘమునకు పరాయివాడు.

కాలక్రమమున నియమములు మాఱినవి. మొదట ఒక గోలు ఎన్ని పాయింట్లకైనను మించినదిగా నుండెను. 1892లో దానిని ఐదు పాయింట్లకును, 1896లో మూడు పాయింట్లకును సమానము చేసిరి. ఇరువదియొక్క మంది 1892లో పదునేడ్గురైరి, 1913నుండి పదునైదుగురు. 1892 తరువాత జిల్లా విజేతలు ఇతర సంఘములనుండి కూడ ఆటగాండ్రను చేర్చుకొనుటకు అనుమతి లభించెను. పోను పోను జిల్లా జట్టు వేఱు, సంఘముల పోటీ వేఱు అయ్యెను. అట్లైనను జిల్లాలోని సంఘముల పోటీ విలువ తగ్గలేదు. జిల్లా జట్టులో పేరుమోసిన వీరుడు సయితము తుదకు తన ఊరి రంగులు ధరించి, తనతోబాటు బడికి పోయినవారి ప్రక్కన నిలిచి ఆడవలసినవాడే. క్యూసాక్ జన్మించిన క్లేర్ జిల్లాలో విజేతకు ఇచ్చునది కేనన్ హామిల్టన్ పేరిటి కప్పు. ఆ జిల్లాకు ముఖ్యపట్టణమైన ఎన్నిస్‌లోని మైదానము క్యూసాక్ పేరనే వెలసియున్నది. జిల్లాలో గెలిచిన సంఘము రాష్ట్రపోటీకిని, అచ్చట గెలిచినచో 1970-71 నుండి జరుగుచున్న అఖిల ఐర్లండు సంఘముల పోటీకిని పోవును. దాని తుదిపోటీ చిరకాలము మార్చి 17న, సెయింట్ పాట్రిక్ పండుగనాడు జరిగెడిది; ఇటీవల జనవరికి మార్చిరి. కప్పు గెలిచిన రాత్రి ఊరి పొలిమేరలో మంటలు వేసి, జట్టును ఎదుర్కొని తోడ్కొనివచ్చుట నేటికిని కలదు.

ఈ వైభవమును క్యూసాక్ కన్నులార చూడలేదు. ఆయన చివరి దినములు దుఃఖమయములు. విద్యాలయము సన్నగిల్లెను. 1890లో భార్య క్షయవ్యాధితో మరణించెను. ఇల్లు చెదరి, బిడ్డలు తలయొకచోట పెరుగవలసి వచ్చెను. ఆ దినములలోనే పార్నెల్ విషయమై దేశము రెండుగా చీలి, గేలిక్ సంఘమును దాదాపు అస్తమించునట్లుండెను. క్యూసాక్ ట్యూషనులు చెప్పి, పత్రికలకు వ్రాసి పొట్ట పోసికొనెను. భాషోద్యమమును విడువలేదు. 1901లో తాను పోగొట్టుకొనిన కార్యదర్శి పదవికే మరల పోటీచేసి, ల్యూక్ ఓటూల్ చేతిలో స్వల్పమైన తేడాతో ఓడిపోయెను. ఓడినను సంఘముమీద పగ పెట్టుకొనలేదు. 1906 నవంబరులో, ఏబదితొమ్మిదేండ్ల వయస్సున, డబ్లిన్ నగరములో కన్నుమూసెను. గ్లాస్‌నెవిన్ శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు.

ఆయన రూపము సాహిత్యములోను నిలిచినది. జేమ్స్ జాయిస్ 1922లో ప్రకటించిన యులిసెస్ నవలలో మధుశాలలో కూర్చుండి గర్జించు పౌరుడు అను పాత్రకు క్యూసాకే మాదిరియని విమర్శకుల అభిప్రాయము. అది గౌరవప్రదమైన చిత్రణము కాదు. అందులో ఆయన కోపము కనబడునుగాని, ఫీనిక్స్ పార్కులో నలుగురితో ఆరంభించిన ఓరిమి కనబడదు. ఒక మనుష్యుని చూచుటకు నవల ఒక్కటే చాలదనుటకు ఇది నిదర్శనము.

ఆయన మరణించిన ఏడేండ్లకు, 1913లో, సంఘము డబ్లిన్‌లో సొంత మైదానమును కొని, దానికి క్రోక్ పార్కు అని పేరిడెను. మన తెలుగువాడును, తరువాత భారత రాష్ట్రపతియు నైన వి. వి. గిరి న్యాయశాస్త్రము చదువుటకై డబ్లిన్ చేరినది ఆ 1913వ సంవత్సరముననే. 1916 వరకు ఆయన అక్కడ చూచిన స్వాతంత్ర్యోద్యమములో గేలిక్ సంఘములలో పెరిగిన యువకులు అనేకులు పాల్గొనిరి. 1920 నవంబరు 21వ తేదీన ఆ క్రోక్ పార్కులోనే, ఆట జరుగుచుండగా బ్రిటిషు బలగములు కాల్పులు జరుపగా పదునలుగురు మరణించిరి. వారిలో ఒకడు మైదానములో ఆడుచున్న టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్. ఆ మైదానములో 1938లో నిర్మించిన ప్రేక్షకశాలకు క్యూసాక్ పేరు పెట్టిరి. బ్రతికియున్నప్పుడు సభనుండి పంపివేసిన సంఘము, గతించిన ముప్పదిరెండేండ్లకు ఆయనను శాశ్వతముగా లోపలికి పిలుచుకొనెను.

క్యూసాక్ ఉద్యమములో ఒక సంకుచితత్వముకూడ ఉండెను; దానిని దాచుట చరిత్రకారునికి తగదు. పరదేశపు ఆటలను ఆడువారు గేలిక్ సంఘములో చేరరాదని పెట్టిన నిషేధము 1971 వరకు సాగెను. పోలీసులకు ప్రవేశము లేదను నియమము 2001 వరకు నిలిచెను. స్థాపక సభలో కూర్చున్న ఏడుగురిలో ఒకడు పోలీసు అధికారియని తలచిన, ఆ నియమముయొక్క అసంబద్ధత తెలియగలదు. తలుపులు తెఱచుటకు పుట్టిన సంఘము కొన్ని తలుపులను తానే మూసెను. పిదప తానే తెఱచెను. స్త్రీలు ఆడు కమోగీ అను హర్లింగ్ రూపము 1904లోనే వెలసి, నేడు ఊరూర వ్యాపించినది. 2018లో యునెస్కో సంస్థ హర్లింగును మానవజాతియొక్క అమూర్త సాంస్కృతిక సంపదల పట్టికలో చేర్చెను.

నేడు గేలిక్ సంఘమునకు ఐర్లండులో రెండువేలకు పైగా శాఖలు కలవు. ఆడువారికి జీతము లేదు. ఒక్కొక్క పల్లెలో సాయంకాలమున చిన్నపిల్లలు తమంత పొడవైన కఱ్ఱలు పట్టుకొని మైదానమునకు వచ్చెదరు. వారికి నేర్పువాడు తఱచుగా ఆ ఊరి బడిపంతులే. కారన్ గ్రామములో క్యూసాక్ పుట్టిన రాతి గుడిసెను బాగుచేసి, చూడవచ్చువారికై నిలిపియుంచిరి. ఆ గుడిసె ద్వారము చిన్నది, చుట్టును రాతినేల. క్షామకాలములో ఆ ద్వారము దాటి వెలుపలికి వచ్చిన ఒక పేద బాలుడు బడిపంతులై, తన జాతి పిల్లలకు లెక్కలతోపాటు వారు మఱచిన ఆటను తిరిగి నేర్పెను. పదవి రెండేండ్లు నిలువలేదు, పాఠము నిలిచినది.